వెర్డీసో వరుస

మా మామగారి మీద ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో న్యూజీలాండులో ఇంతవరకూ ఎవరూ నాకు చెప్పలేదు. కుక్క అదేపనిగా మొరుగుతోందంటే కౌన్సిల్ వాళ్ళు వస్తారు. పక్కింటివాళ్ళు పాటలు గట్టిగా పెట్టారంటే మరొకరు వస్తారు. విశ్రాంత ఉద్యానశాఖాధికారి ఒకాయన పొద్దున్నే కాఫీ తాగి, మంకీ క్యాపు పెట్టుకుని, కంటబడిన ప్రతి మొక్కకీ సలహాలిస్తూ తిరుగుతున్నారంటే మాత్రం ఎవరూ రారు. నేను కనుక్కున్నాను.

పట్టాభిరామయ్యగారు ఉద్యోగమంతా గోదావరి జిల్లాల్లో అరటికీ, కొబ్బరికీ, నిమ్మకీ అధికారిగా చేశారు. ద్రాక్ష అక్కడ పండదు. అందుకే కాబోలు, ఏ ద్రాక్షా ఆయన మాటకి ఎదురు చెప్పిన దాఖలా లేదు.

పోయిన వారం నన్ను వానలో గొడుగుతో నిలబెట్టి పేజీ తిప్పేసిన పాఠకులకీ, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకీ, సంగతి టూకీగా చెబుతాను.

మేముండే హాబ్సన్‌విల్‌కి కాస్త దూరంలో, కుమ్యూలో, నారాయణ్‌గారికి ద్రాక్షతోట ఉంది. ఫిజీ నుంచి వచ్చిన తెలుగువారు. ముత్తాత ఏ ఊరినుంచి ఓడెక్కాడో ఆయనకి తెలియదు గాని, నానమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగుని మాత్రం పెట్టెలో దాచిన పట్టుపంచెలా భద్రంగా బయటికి తీస్తారు. తోటంతా గ్లెరా అనే ఇటలీ ద్రాక్ష. దాంతో బుడగలొచ్చే వైన్, ఇక్కడివాళ్ళ మాటలో బబ్లీ, చేస్తారు. చిట్టచివర, షెడ్డు వెనకాల, ఒక్క వరుస మాత్రం వేరే జాతి. దాని పేరు వెర్డీసో. అదీ ఇటలీదే. సొంత ఊళ్ళో కూడా దానికి పెద్ద పేరు లేదు. బబ్లీలో వందకి పదిహేను పాళ్ళు మించకుండా కలుపుతారట, పోపులో ఇంగువలాగ. వేస్తే ఎవరూ మెచ్చుకోరు, మానేస్తే ఏదో తక్కువైందంటారు. ఇలాంటి పండు కోడళ్ళకి ఒక్క చూపులో అర్థమవుతుంది.

కొన్నేళ్ళ కిందట నారాయణ్‌గారి భార్య రమీలా ఆ వరుస చూపించి, "ఇది పిట్టలకి కూడా వద్దమ్మా," అన్నారు. పిట్టలకి వద్దన్నది ఎలా ఉంటుందో చూద్దామని ఒకటి నోట్లో వేసుకున్నాను. పులుపు! చింతకాయ తొక్కులో ఉండేలాంటి పులుపు. సూపర్ మార్కెట్ మామిడికాయలు పేరుకే మామిడికాయలైన ఈ దేశంలో, నా నాలుక ఎన్నాళ్ళుగానో వెతుక్కుంటున్న పులుపు. ఆ పచ్చి గుత్తులు తెచ్చి పప్పు చేశాను. మామగారు రెండుసార్లు వడ్డించుకున్నారు. ఏం వేశానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

"అంత నచ్చితే నువ్వే చూసుకో బేటీ," అన్నారు నారాయణ్‌గారు. అప్పటినుంచి ఆ వరుసకి కొమ్మలు కత్తిరించేది నేను, వల కప్పేది నేను, ఎండాకాలం ఆకులు పలచన చేసేది నేను. మా ఇంటి గోడలు బ్యాంకువి. గరాజ్ మా ఆయన ట్రెడ్‌మిల్‌ది. ఈ దేశంలో నాది అనుకోడానికి నాకున్నది ఆ ఒక్క వరుస.

ఆ వరుస పీకించేసి, అక్కడ ఆల్బనీ సర్‌ప్రైజ్ అనే తియ్యటి నల్లద్రాక్ష నాటించాలని మామగారు తీర్మానించారు. పెద్దవాళ్ళకి కాదని చెప్పడం నారాయణ్‌గారి నానమ్మ ఆయనకి నేర్పలేదు. సరేనన్నారు. శనివారం మధ్యాహ్నం కొడుకు ప్రీతేశ్ ట్రాక్టర్ తెస్తాడన్నారు. పొద్దున నేనొచ్చి ఒకటి చూపిస్తాను, అది చూశాక మీ ఇష్టం అన్నాను నేను. అక్కడే ఆగాం.

*

శనివారం వాన పడుతోంది. ఆక్లాండులో ఆగస్టు నెల అంటే అంతే. మా ఆయన మహేంద్ర షెడ్డు ముందు కారాపి, స్టీరింగ్ మీదినుంచి చేతులు తియ్యకుండా అన్నారు.

"చూడు నిరూ, నేను ఎవరి వైపూ లేను."

"తెలుసండీ. మీరు కారు వైపు ఉన్నారు. అందులోనే కూర్చోండి."

డిక్కీలోంచి నా ఐస్ పెట్టె, సోడా మిషన్, స్టీలు గ్లాసుల సంచీ దింపుకుని లోపలికి నడిచాను. మామగారు అప్పటికే వచ్చేసి ఉన్నారు. పొద్దున్నే నారాయణ్‌గారి కారులో వచ్చేశారు. షెడ్డులో చేతులున్న కుర్చీ ఒక్కటే, అది ఆయన కింద ఉంది. నారాయణ్‌గారు బోర్లించిన పళ్ళబుట్ట మీద కూర్చున్నారు. బల్ల దగ్గర ఆయన కూతురు ఆష్లిన్, ఎదురుగా గాజు జాడీలు, ఒక కొలగ్లాసు, పక్కన నేలమీద బకెట్. వైన్ చదువు చదివిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది. సమాధానం మాత్రం ఇంగ్లీషులో మొదలై ఎక్కడో ఒకచోట తెలుగు మాటకి తగులుకుంటుంది.

ఆ పూట వాళ్ళకి కూడా గడ్డుదే. సిటీ సెంటర్‌లో ఒక రెస్టారెంట్ వాళ్ళు నారాయణ్‌గారి బబ్లీ తీసుకుంటామన్నారు, ముందు నమూనా పంపమన్నారు. అది వాళ్ళకి నచ్చకపోతే తోట అమ్మేయడమే. కొనేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. హాబ్సన్‌విల్‌లో ఇళ్ళు కట్టినవాళ్ళకి చోటు చాలక, ఇళ్ళు ఒక్కొక్కటీ కుమ్యూ వైపు నడిచొస్తున్నాయి.

ఆష్లిన్ జాడీలోంచి గ్లెరా వైన్ గ్లాసులో పోసింది. బుడగలు పట్టించకముందు అది మామూలు తెల్లవైనే. నోట్లో పోసుకుని, తిప్పి, బకెట్‌లో ఉమ్మింది.

"ఫ్లాట్ డాడ్. ఇట్స్ సో... చప్పగా."

"అచ్ఛా," అన్నారు నారాయణ్‌గారు రేకుల కప్పు చూస్తూ.

"నాకూ కొంచెం పొయ్యమ్మా," అన్నాను.

కుర్చీ కిర్రుమంది.

"నిరుపమా! ఇంటి కోడలివి, సారా పుక్కిలిస్తావా?"

"మింగను మామయ్యగారూ. పుక్కిలించి ఉమ్మేస్తే దాన్ని మౌత్‌వాష్ అంటారు. మీ బాత్రూములో నీలంరంగుది ఒకటుంది. అందులో ఎంత సారా ఉందో సీసా వెనకాల ఎప్పుడైనా చదివారా?"

ఆయన చదవలేదని మొహమే చెప్పింది. ఇంటికెళ్ళగానే చదువుతారని కూడా చెప్పింది.

గ్లెరా నోట్లో తిప్పి ఉమ్మాను. వాసన బాగుంది, పియర్ పండు గుర్తొచ్చింది. రుచి మాత్రం ఉప్పేసి పులుపు మరిచిపోయిన పప్పులా ఉంది. తర్వాత రెండో జాడీ, నా వెర్డీసో. కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. పచ్చి ఆపిల్‌లాంటి పులుపు, దాని వెనక కాస్త ఉప్పదనం, చివర్న వేపపువ్వంత చేదు.

"చూశారా, చూశారా ఆ మూతి!" మామగారు నారాయణ్‌గారి వైపు తిరిగారు. "నేను మొదట్నుంచీ అదే మొత్తుకుంటున్నా. దేవుడికి నైవేద్యం పెట్టలేని పండు పండేనా? ఆల్బనీ సర్‌ప్రైజ్ నాటండి. నోట్లో వేసుకుంటే బెల్లం ముక్క."

"మీరు రుచి చూశారా మామయ్యగారూ, దీన్ని?"

"చూడక్కర్లేదు. నువ్వు చూశావుగా. నీ మొహం నేను చూశాను."

"మీరు మొక్కలకి అధికారి. నా మొహానికి కాదు."

నారాయణ్‌గారు దగ్గారు. ఆష్లిన్ కొలగ్లాసు తుడవడం మొదలుపెట్టింది, అది తుడిచే ఉన్నా.

"ఏమిటమ్మాయ్, మాట పెరుగుతోంది!"

"పెరగనివ్వండి. ఇన్నాళ్ళూ తీగలకి కత్తిరించినట్టు దాన్నీ కత్తిరించుకుంటూ వచ్చాను. వంటింట్లో నేను పులుపు ఎక్కువేస్తే మీరు కంచం పక్కకి జరిపారు, సరే. పెరట్లో నా గోంగూర పీకి గులాబీ పెట్టారు, అదీ సరే. ఈ వరుస మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వను. ఇది మీ ఇల్లు కాదు, నా పెరడూ కాదు. ఇక్కడ మీరూ నేనూ ఇద్దరం అతిథులమే. ఇద్దరం ఒకే వరసలో కూర్చుని రుచి చూద్దాం. ఆ తర్వాత పీకండి."

"నేను మందు ముట్టను."

"మందు ఎవరు తాగమన్నారు?"

ఐస్ పెట్టె మూత తీశాను. మా ఇంట్లో నేను ఫ్రీజ్ చెయ్యనిదంటూ లేదు. కరివేపాకు, కొబ్బరి తురుము, అల్లం ముద్ద, ఒకసారి మా ఆయన కళ్ళజోడు కూడా, అది పొరపాటున. కోతల రోజుల్లో రెండు జాతుల ద్రాక్షరసం పిండి పెరుగు డబ్బాల్లో దాచాను. అప్పుడు పులియలేదు, తర్వాతా పులియలేదు. ఉత్త పళ్ళరసం. రాత్రి తీసి కరగబెట్టాను.

"మీ చిన్నప్పుడు గోళీసోడా తాగేవారటగా. అత్తయ్యగారు చెప్పారు, సినిమాకి తీసుకెళ్ళి ఆవిడకి ఒకటి, మీకు మూడు కొనుక్కునేవారని."

"రెండు," అన్నారు మామగారు. ఆయన వెన్ను కుర్చీకి అంటుకోవడం మానేసింది.

వాళ్ళకి వీపు పెట్టి కలిపాను. ఒక గ్లాసులో గ్లెరా రసం, ఇంకోదాంట్లో వెర్డీసో, మూడోదాంట్లో గ్లెరా ఎక్కువ, వెర్డీసో కొంచెం, ఇంగువ లెక్కన. మూడింటిమీదా సోడా కొట్టాను. బుస్సుమని పొంగాయి. స్టీలు గ్లాసుల్లో రంగు కనబడదు. అందుకే అవి తెచ్చాను.

మొదటిది అందించాను. తాగారు.

"తియ్యగా ఉంది. బాగుంది. ఇలాంటి రకం పెంచుకోవాలి." గ్లాసులో సగం మిగిల్చి కింద పెట్టారు.

రెండోది. ఒక గుక్కకే మెడ నరాలు లేచాయి. "ఇదే! దీన్ని పీకాలి."

మూడోది అందుకున్నారు. ఒక గుక్క తాగి ఆగారు. ఇంకో గుక్క తాగారు. మంకీ క్యాపు పైకి జరిగింది. ఆపైన గ్లాసు ఎత్తి, చివరి చుక్కదాకా, సినిమాహాలు ముందు నిలబడ్డ కుర్రాడిలా గడగడా తాగేసి, గ్లాసు నా వైపు చాచారు.

"ఇంకొంచెం ఉందా?"

ఆ అడగడం మధ్యలోనే ఆయనకి తెలిసిపోయింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేక అలాగే ఉండిపోయారు. నేను ఆ గ్లాసు నింపి, తీరిగ్గా చెప్పాను.

"ఇందులో మొదటిది ఉంది, రెండోది ఉంది. పీకాలన్నారే, అది కొంచెం. మిమ్మల్ని మళ్ళీ అడిగించింది ఆ కొంచెమే."

"సోడా మంచిది," అన్నారు మామగారు.

"మూడింట్లోనూ అదే సోడా."

"గ్లాసు చల్లగా ఉంది."

"మూడూ ఒకే పెట్టెలోవి."

"నువ్వేదో కలిపావు. ఉప్పేసుంటావు."

ఆష్లిన్ ఈలోగా మా వెనకాల తన పని తాను చేసుకుపోతోంది. కొలగ్లాసులో గ్లెరా వైన్ పోసి, వెర్డీసో చూసి చూసి ఒంపి, నోట్లో తిప్పింది. ఈసారి బకెట్ వైపు వంగలేదు. మింగేసింది.

"డాడ్," అంది. "డాడ్, టేస్ట్ దిస్."

నారాయణ్‌గారు తాగారు. చేత్తో మొహం తుడుచుకున్నారు.

"మరి ముందెందుకు చప్పగా ఉంది? గ్లెరా కూడా మంచి జాతే అంటారుగా," అన్నారు మామగారు, గొంతులో అధికారి తిరిగొస్తుండగా. "ఎరువు సరిగా వేసుండరు. నన్ను అడగాల్సింది."

ఆష్లిన్ వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు తల ఊపారు. ఆ పిల్ల ఊరుకోలేదు.

"సారీ డాడ్. నో మోర్. తాతా, మిమ్మల్ని అడిగాం."

"ఏం అడిగారు?"

"కోతలప్పుడు. బబ్లీకి పండు పుల్లగా ఉన్నప్పుడే కొయ్యాలి. ఐ సెడ్ పిక్. మీరు ఒకటి నోట్లో వేసుకుని ఊసేసి, దేవుడికి పెట్టలేని పండు కొయ్యొద్దన్నారు. స్వీట్ అయ్యేదాకా ఆగమన్నారు. ముహూర్తం కూడా మీరే పెట్టారు. డాడ్ వెయిటెడ్. స్వీట్ అయింది, పులుపు పోయింది."

మామగారు నారాయణ్‌గారి వైపు తిరిగారు. "ఏమయ్యా, ఇది నిజమేనా?"

"పెద్దవారు మీరు," అన్నారు నారాయణ్‌గారు మెల్లగా. "నైవేద్యం మాట అన్నారు. మా నానమ్మ కూడా మొదటి పండు దేవుడికే పెట్టేది. నాకు కాదనడానికి నోరు రాలేదు ఆఫీసర్‌గారూ. మీకు చెబితే బాధపడతారని ఇంట్లో ఎవర్నీ చెప్పనివ్వలేదు."

"మరి ఈ పులుపుది? ఇదెలా పుల్లగా ఉండిపోయింది?"

ఇక దాచి లాభం లేదు. "దాని స్వభావమే పులుపు. పైగా మీ ముహూర్తానికి ముందే నేను కోసేశాను. ఆరోజు జుంబా క్లాసుకి వెళ్తున్నానన్నాను. చెమటతో తిరిగొచ్చాను కాబట్టి మీరెవరూ అడగలేదు."

ఇంకో రోజైతే దీనిమీద గంటసేపు ఉపన్యాసం వచ్చేది. ఆయన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. బుడగలు ఒక్కొక్కటీ పైకొచ్చి పగులుతున్నాయి. ఆయన పెదవులు కదిలాయి. ఏదో అనబోయారు. మాట గొంతుదాకా వచ్చి, అలవాటు లేని దారి కావడంతో అక్కడే ఆగిపోయింది.

అప్పుడు వినిపించింది. షెడ్డు వెనకనుంచి, వానని తోసుకుంటూ, ట్రాక్టర్ ఇంజను.

నారాయణ్‌గారు లేచి నిలబడ్డారు. "ప్రీతేశా? మధ్యాహ్నం కదా రమ్మన్నాను?"

నేను మామగారి వైపు చూశాను. ఆయన నేల వైపు చూస్తున్నారు.

"పొద్దున ఫోన్ చేసి చెప్పాను," అన్నారు. "అమ్మాయి వచ్చి గొడవ పెడుతుంది, ఈలోపే కానిచ్చెయ్యమని. అవతల నిలబడి చెయ్యి ఊపుతాను, ఊపగానే లాగెయ్యమన్నాను. వానని చూసి రాడేమో అనుకున్నా."

నేను పూర్తిగా వినలేదు. గమ్‌బూట్లలోకి కాళ్ళు దూర్చడానికి కూడా ఆగలేదు. చెప్పులతోనే పరుగెత్తాను. ఒక చెప్పుని గుమ్మం దగ్గరే బురద తీసుకుంది.

ట్రాక్టర్ నా వరుస చివర ఉంది. ప్రీతేశ్ రెయిన్‌కోటు టోపీ వేసుకుని, దానికింద చెవులకి చప్పుడు వినబడని డిప్పలు పెట్టుకుని, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. వెనకనుంచి వచ్చిన గొలుసు మొదటి తీగ మొదలుకి చుట్టి ఉంది. ఆకులు రాలిపోయిన తీగ. నేను పోయిన నెలలోనే కొమ్మలు కత్తిరించి, తాడుతో తీగకంబికి కట్టిన ముడి ఇంకా కొత్తగా ఉంది.

"ప్రీతేశ్! ఆపు!"

వాన, ఇంజను, డిప్పలు. వాడు ముందుకే చూస్తున్నాడు, తాత వచ్చి ఎప్పుడు చెయ్యి ఊపుతాడా అని.

గొలుసు విప్పబోయాను. వేళ్ళకి జారిపోతోంది. ఇక వేరే దారి కనబడలేదు. బురదలో కూలబడి, ఆ మొదలుని రెండు చేతులతో వాటేసుకున్నాను. పీకితే ఇద్దర్నీ కలిపే పీకాలి. అప్పుడు నాకు భయం వెయ్యలేదంటే మీరు నమ్మరు. కోపం ఎంత ఉందంటే భయానికి చోటు చాలలేదు.

కారు తలుపు ధడేల్మన్న చప్పుడు. మా ఆయన ఎట్టకేలకు ఏదో ఒక వైపుకి వస్తున్నారు. కానీ ఆయనకంటే ముందు షెడ్డు మూలనుంచి మామగారు వచ్చారు. గొడుగు లేదు, మంకీ క్యాపు లేదు. జారుతూ, తీగకంబి పట్టుకుంటూ ట్రాక్టర్ ముందువైపుకి పరుగెత్తుకెళ్ళి, రెండు చేతులూ పైకెత్తి ఆపమని గట్టిగా ఊపారు.

ప్రీతేశ్ ఆయన్ని చూశాడు. బొటనవేలు పైకెత్తి చూపించాడు. గేరు మార్చాడు.

గొలుసు బురదలోంచి లేచింది. నా మోచేతుల కింద బిగుసుకుంది. తీగ మొదలు సన్నగా మూలిగింది.

మామగారు చేతులు దించేశారు. ట్రాక్టర్‌కి ఇంకా దగ్గరగా, ముందు చక్రాల మధ్యకి వెళ్ళి, ఇంజను ఇనప మూత మీద రెండు అరచేతులతో దబదబా బాదుతూ అరిచారు. పెళ్ళినాటినుంచి మా అత్తగారు ఒక్కసారైనా వింటానేమోనని ఎదురుచూసిన మాట. కుమ్యూ అంతా వినబడేట్టు.

"ఆపరా ప్రీతేశ్! తప్పు నాది! ఆ కోతల మాటా తప్పే, ఈ పీకుడు మాటా తప్పే! విన్నావా? నాదే తప్పు!"